కోలిన్ చేలో పంచె

హార్షమ్ దాటాక నలభై కిలోమీటర్లు.
దారిలో ఎదురైన కార్లు మూడు.
మూడింట్లోనూ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేచింది.
"తెలిసినవాళ్ళా?" అన్నాను.
"కాదు, ఇక్కడ అంతే" అంది వకుళ,
తనూ ఒక వేలు లేపి.
పలకరింపులో కూడా ఇంత పొదుపా అనుకున్నాను.
రెండో వారానికి నా వేలూ
దానంతటదే లేవడం నేర్చింది.

మా చెల్లెలిది రాత్రి డ్యూటీ.
పన్నెండు పడకల ఆసుపత్రి,
ఏడుగురు తొంభై దాటినవాళ్ళు.
గుమ్మం బయట విడిచిన బూట్లు
బోర్లించి కొట్టాకే తొడుక్కోమంది, సాలీడుంటుందట.
తాగేది కప్పు మీంచి జారి ట్యాంకులో పడ్డ వాన.
మేనకోడలు మేఖల, తొమ్మిదేళ్ళది,
ట్యాంకు రేకు మీద వేళ్ళతో కొట్టుకుంటూ వచ్చి
"ఇక్కడిదాకా ఉన్నాయి మామయ్యా" అంటుంది
పుచ్చకాయ బేరమాడే మనిషిలా.
సూర్యుడు ఉత్తరం పక్కగా నడుస్తాడు ఇక్కడ.
నీడ చూసి వేళ చెప్పే నా గొప్ప
మొదటిరోజే పోయింది.

కంచె అవతల కోలిన్ చేను.
కంటికి ఆనినంత మేరా పచ్చన.
గోధుమేమో అనుకున్నాను.
దగ్గరికెళ్ళి చూద్దును గదా,
శనగ!
తెల్లపూత. కాబూలీ రకం.
మా ఊళ్ళో ఇంకా దుక్కులే కాలేదు.
రెండు విమానాలు మారి
మోకాళ్ళు పట్టేసి దిగితే
ఎదురొచ్చింది ఇదా!
నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది,
పరాయి ఊరి సంతలో
అప్పున్నవాడు తగిలినట్టు.

ఆకు నిమిరి వేళ్ళు నాక్కున్నాను.
కోలిన్ ట్రాక్టరు ఆపి దిగాడు.
ఇరవై రెండేళ్ళుగా వేస్తున్నాడట,
ఓడల్లో పోతుందట పంటంతా.
ఆకు మాత్రం ఎన్నడూ నోట పెట్టలేదు.
నా ఇంగ్లీషు పులుపు దగ్గర ఆగిపోయింది.
వేలు చూపించాను, నాలుక చూపించాను.
ఎర్రటి బండచేతిని మొక్కకు రాసి
అనుమానంగా చప్పరించి
"బ్లడీ హెల్" అన్నాడు.
అది మెచ్చుకోలేనని వకుళ తర్వాత చెప్పింది.

ఆ రాత్రి పెట్టెలోంచి ఉతికిన పంచె తీసి
రెండు సాళ్ళ మీద పరిచి వచ్చాను.
నాయనమ్మ పరిచేది, కడుపునొప్పులకని.
రాత్రంతా మంచు తాగి, మంచుతో పాటు పులుపు తాగి
తెల్లారేసరికి గుడ్డ బరువెక్కేది.
ఒక కొస తను, ఒక కొస వకుళ,
మెలిపెట్టి రాచ్చిప్పలోకి పిండేవాళ్ళు.
ఆ చేను ఇప్పుడు మాది కాదు.
ఎందుకు కాదో
తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
నర్సింగు కాలేజీ రసీదులు మాత్రం
నా బీరువాలో అడుగున ఉన్నాయి.

పొద్దున్నే ఫోను. కోలిన్.
చేలో తెల్లగా ఏదో పడి ఉంటే
గొర్రె చచ్చిందేమోనని వెళ్ళాడట.
కుక్క మొరిగి, వాసన చూసి, తుమ్మిందట.

డ్యూటీ దిగి అలాగే వచ్చింది వకుళ,
నీలం యూనిఫాం, మెళ్ళో గుర్తింపు కార్డు.
"కొస పట్టుకో" అన్నాను.
నేను కుడికి తిప్పాను, తను ఎడమకి.
పంచె ఊరికే గిరగిర తిరిగింది గానీ మెలి పడలేదు.
"అటు కాదన్నయ్యా!"
"నువ్వే అటు కాదు!"
మేఖల ప్లాస్టిక్ మగ్గు పట్టి
ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడింది.

అయిదారు చెంచాలు దిగింది.
కాస్త మట్టి, ఒక చిన్న పురుగు.
వకుళ వేలు ముంచి నాలుక్కి రాసుకుంది.
ఎడమకన్ను ఒక్కటే మూసుకుపోయింది,
ఏడేళ్ళప్పుడు మూసుకున్నట్టే.
ఏమంటుందా అని చూశాను.
"ఈ మరక పోదు,
చన్నీళ్ళలో నానెయ్యి" అని
నిద్రకు వెళ్ళిపోయింది.

మగ్గు కిటికీలో పెట్టాను.
సాయంత్రం చూస్తే ఖాళీ.
మేఖల తాను కాదంది.