రెండు గోతాలు

ఉరవకొండలో గాలికి పని ఎక్కువ.
గుట్ట మీద రెక్కలు తిప్పుతుంది,
బస్టాండు వెనక మాబున్ని అంగడి రేకుల్ని వాయిస్తుంది.
ఆ రేకుల కింద
నా ఆటో బ్యాటరీకి మూడుసార్లు ప్రాణం పోసింది ఆమె.
నాలుగోసారి తల అడ్డంగా ఊపింది.

సరిగ్గా ఆ వారమే వచ్చినాడు విష్ణుకాంత్.
ఇస్త్రీ చొక్కా, చక్రాల పెట్టె,
పెట్టెలో మెత్తటి గుడ్డలో పసిబిడ్డ మాదిరి ఒక బ్యాటరీ.
"పది నిమిషాల్లో నిండుతుంది.
నిండితే బల్బు ఇరవై గంటలు.
పదిహేనేళ్లు మళ్లీ నా మొహం చూడరు."
చివరి మాట ఒక్కటే నమ్మింది మాబున్ని.

నేనైతే అన్నీ నమ్మినా.
ఫైనాన్సాయన బండి తాళం అడిగిన నెల అది.

మా నాయన కూడా నమ్మినాడు ఒకసారి.
అరచేతిలో కొబ్బరికాయ నిలువుగా లేచిందని,
గంగమ్మ ఇక్కడే ఉందని.
ఆరునూర్ల అడుగులు దించితే
తెల్లటి దుమ్ము వచ్చింది.
కాయ లేచింది మాత్రం నిజమే,
ఊరంతా చూసింది.

మాయమ్మ వేరే మనిషి.
శనక్కాయ విత్తనం అమ్మేటాయన "నూటికి తొంభై" అంటే
"ఔనప్పా" అని మర్యాదగా తెచ్చుకుని
తడి గోతంలో నూరు గింజలు చుట్టి
ఐదోనాడు విప్పి లెక్కపెడతాది.
మొలిచినవి మొలిచినట్టు, రానివి రానట్టు.
ఆయమ్మకు కోపం ఉండదు, లెక్క ఉంటాది.

ఈ కథ మాబున్నికి చెప్పలేదు నేను.
అయినా గోతాలు అడిగింది, రెండు.
మా ఇంట్లోవే తెచ్చిచ్చినా.
ఒకదాంట్లో కొత్తది, ఒకదాంట్లో నా ముసలిది,
మూతి కట్టి, సుద్దతో
ఒకదానికి చుక్క, ఒకదానికి గీత.
ఒకే రకం హెడ్‌లైటు బల్బులు.
ఆదివారం పొద్దున ఆరుకు
కుళ్లాయమ్మను కూర్చోబెట్టింది,
పక్కింటి పిల్ల, తొమ్మిదో తరగతి.
"ఏది ఎవరిదో చెప్పను పాపా.
గంటగంటకు మీటరు ఏమంటే అది రాయి.
నీకు బండి లేదు, అప్పు లేదు, కమీషన్ లేదు."

"మరి నువ్వు?" అన్నా.
"నిజమైతే బాగుండని నాకూ ఉంది కదప్పా.
అందుకే నేను కూర్చోను."

పన్నెండు దాటినాక గీత గోతం బల్బు ఎర్రబారింది.
నేను చుక్క దిక్కు చూసి మొక్కుకున్నా,
చౌడమ్మకో, పీర్లకో,
ఆ పొద్దు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు.
మూడూ నలభైకి చుక్క కూడా.

తొమ్మిది గంటల నలభై నిమిషాలు.
మంచి బ్యాటరీయే.
ఇరవై కాదు.

మీటరు తప్పన్నాడు విష్ణుకాంత్.
"ఉండొచ్చు" అనింది.
గొడవ పడుతుందనుకున్నా. పడలేదు.
బల్బు మార్చింది, మీటరు మార్చింది, మళ్లీ నింపింది.
అదీ చాలక గుంతకల్లుకు పంపింది,
మా ముగ్గురి పేర్లూ తెలియని ఒక రైల్వే పెద్దాయనకు,
మాకెంత వచ్చిందో చెప్పకుండా.
వారానికి ఫోను: తొమ్మిదీ ముప్పైయైదు.

"మీ ఊరి ఎండ ఎక్కువ.
మా ల్యాబులో చల్లగా ఉంటుంది."
"బండి తిరిగేది ఈ ఎండలోనే కదా నాయనా."

పది నిమిషాల సంగతి నన్నడగొద్దు.
ఆ చార్జరు బెంగళూరు నుంచి
ఇంకా వస్తానే ఉంది.

కుళ్లాయమ్మ నోటుబుక్కు అడిగి చూసినా.
అంకె కింద అంకె, వంకరగా.
ఒంటిగంట గడిలో మాత్రం
"అన్నానికి పోయినా, చూడలేదు."
మిగతా అంకెలన్నీ నేను నమ్మింది
ఆ గడి చదివినాకే.

గోతాలు తిరిగిస్తే
మాయమ్మ వాసన చూసి, గుమ్మం బయట దులిపి,
"ఎన్ని మొలిచినాయిరా?" అనింది.