తీగ లేని డబ్బా

కర్టిస్ మళ్ళీ మొదలెట్టాడు
ఫ్రైట్ లిఫ్ట్ పక్కన, కప్పులో కాఫీ చల్లారుతుంటే.
ఎదురు టవర్లో పందొమ్మిదో అంతస్తు
దానంతట అది కాలలేదట.
మూడు వారాలు, రాత్రిళ్ళు,
నల్ల దుస్తుల మనుషులెవరో గోడలు విప్పి
లోపల ఏదో అమర్చి
మళ్ళీ మూసి, రంగేసి వెళ్ళారట.
చీమకైనా తెలియలేదట.

ఓడెల్ ప్రూయిట్ నవ్వలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ భవనానికి
ఊపిరాడేట్టు చూస్తున్నవాడు.
నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.
"ఏ రాత్రి?" అన్నాడు.
"గోడకి బెజ్జం వెయ్యాలంటే మూడు సంతకాలు తేవాలి నేను.
పొగ డిటెక్టర్‌కి దుమ్మూ పొగా ఒకటే.
దాన్ని ముందే నిద్రపుచ్చకపోతే
రెండు చెంచాల గోడపొడికి
నాలుగు ఫైరింజన్లు గుమ్మంలో ఉంటాయి.
ఉన్నది ఒక్క ఫ్రైట్ లిఫ్టు.
గురువారం దాకా పన్నెండో అంతస్తు లాయర్లది,
సోఫాలు మారుస్తున్నారు.
మీవాళ్ళు బస్తాలు మోసుకుని మెట్లెక్కారా?
ఒక్క డిగ్రీ తగ్గితే పావుగంటలో పదకొండు ఫోన్లు నాకు.
కిటికీ చట్రానికి అరచేతంత రంగు వేస్తే
అకౌంట్స్ గ్లెండా తలనొప్పని ఇంటికెళ్ళిపోయింది.
మూడు వారాలట!"

కర్టిస్ నా వైపు తిరిగాడు.
"సెనాదా, నువ్వు చెప్పు."

పదిహేడేళ్ళుగా ఈ వీధిలోని రెండు టవర్లలోనూ
చెత్తబుట్టలు ఖాళీ చేస్తున్నాను.
ఎవరు సిగరెట్ మానేశారో, ఎవరు మళ్ళీ మొదలెట్టారో,
ఎవరి ఉద్యోగం శుక్రవారానికి ఊడుతుందో
వాళ్ళకంటే ముందు బుట్టకి తెలుస్తుంది, బుట్ట నాకు చెబుతుంది.
మూడు వారాల గోడదుమ్ము
నా వాక్యూమ్ కన్నుగప్పి పోలేదు.
అదే అన్నాను.

ఊరుకుందామనుకున్నాను కానీ
అతని కళ్ళు చూశాను.
ఆ అంతస్తులోనే ఉండేది అతని బల్ల.
మంట చల్లారిన వారానికి రెండు వాక్యాల ఉత్తరం.
ఇరవై మూడేళ్ళ కొలువుకి
ఎవరో కాళ్ళ దగ్గర పెట్టుకున్న హీటరు కారణమంటే
గొంతు దిగడం లేదు.
పగవాడైనా కొంత పెద్దవాడై ఉండాలి కదా.

మా ఊరికి, ద్రీనా ఒడ్డుకి,
నిజంగానే రాత్రిపూట లారీలొచ్చాయి.
డీజిల్ ఎవరు పోశారో,
బడి తాళం ఎవరిచ్చారో,
పేర్ల జాబితా ఏ గదిలో టైపయిందో
ఊరంతటికీ తెలుసు.
కుట్రకి చీకటి అక్కర్లేదు కర్టిస్,
గుమాస్తాలు చాలు.
ఇది పైకి అనలేదు నేను.
సెయింట్ లూయిస్‌లో ఈ మాట ఎక్కడ మొదలెట్టాలో
ఇప్పటికీ తెలియదు నాకు.

ఓడెల్ తాళాలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాడు.
"ఇక్కడ ఇరవై రెండో అంతస్తు, పడమటి గోడ. ఆ థర్మోస్టాట్‌కి తీగ లేదు.
ఉత్త డబ్బా.
తొమ్మిదేళ్ళ కిందట నేనే బిగించాను.
తిప్పుతారు, వెచ్చబడిందంటారు, ఫోన్ చెయ్యరు."
కర్టిస్ ముఖం వెలిగింది: "చూశావా!"
"ఇంకోటి విను.
ఎదురు టవర్లో పొగనాపే పలకలు
రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు.
తనిఖీ అయినట్టు కాగితం ఉంది.
నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే.
నిచ్చెన తెచ్చుకోవడానికి బద్ధకించాడు."

"అంతేనా?" అన్నాడు కర్టిస్.
డబ్బాకి వెలిగిన ముఖం
నిచ్చెన దగ్గర ఆరిపోయింది.
కప్పు బుట్టలో పడేసి వెళ్ళాడు. సగం కాఫీ అలాగే ఉంది.

పన్నెండున్నరకి ఇరవై రెండుకి వెళ్ళాను.
డబ్బా తుడిచాను.
చలిగా ఉంది, ఒక మెట్టు తిప్పాను కూడా,
ఏం చెప్పను, కాస్త నయమనిపించింది.

బాత్రూమ్ తలుపు వెనక కాగితం.
ఒంటిగంటకి శుభ్రం, రెండింటికి శుభ్రం, మూడింటికి శుభ్రం.
ఎప్పటిలాగే ముందే మూడు సంతకాలూ పెట్టేస్తూ
రెండోదాని మధ్యలో
పెన్ను ఆగింది.