రెండుంబావు

రాత్రి రెండుంబావుకి
మా ఇల్లు నిట్టూరుస్తుంది.

ముందు ఒక పొడుగాటి ఊపిరి,
గోడలోంచి, సరిగ్గా తలాపున.
అది సాగుతుండగానే టిక్కు.
కాసేపటికి మళ్లీ టిక్కు.
చివరికి, చెవికి అందీ అందనంతగా,
ఇత్తడిని ఎవరో నేలకి ఆనించినట్టు.

కామాక్షి దుప్పటి ముసుగు తన్ని
"మనకంటే ముందున్నోళ్లు ఎందుకు ఖాళీ చేశారో
అడిగావా నువ్వు?" అంటుంది.
అడగలేదు.
కందుకూరులో, పామూరు రోడ్డు సందులో
మూడు వేలకి రెండు గదులిస్తే
ఎవరడుగుతారు?

పక్కింటి పెంచలయ్య పందికొక్కులన్నాడు.
బోను తనే తెచ్చి పెట్టాడు, ఎండుచేప తల గుచ్చి.
తెల్లారి అందులో ఆయన పిల్లే పడింది.
ఫ్యాను బేరింగని ఖాదర్‌బాషా
నూటయాభై తీసుకుని ఫ్యాను దించాడు.
ఆ రాత్రి ఉక్కలో పొర్లుతూ
నిట్టూర్పుని ఇంకా బాగా విన్నాం.
మాలకొండకి పోయొద్దామంది కామాక్షి.
శనివారం దాకా ఆగమన్నాను.

నా పని డిపోలో.
బస్సు గేటు దాటకముందే దాని దగ్గు విని
ఇది నాజిలు, ఇది ప్లేటు అని చెప్పేవాణ్ణి.
పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడి చెవిలో పెట్టుకుంటే
ఇనుము అబద్ధమాడదు,
డ్రైవర్లు ఆడతారు గానీ.
ఇరవై రెండేళ్ల చెవి ఇది.
నా ఇంట్లో నాకే ఎగతాళా?

గురువారం రాత్రి మేలుకునే ఉన్నాను.
లైటు వెయ్యలేదు.
స్క్రూడ్రైవరు గోడకి ఆనించి కూచున్నా.
ముందు నా నాడే కొట్టుకుంది పిడిలో.
తర్వాత సందు చివర కుక్క,
ఒంగోలు వైపు పోయే లారీ,
గోడకవతల పెంచలయ్య గురక,
అదీ ఓ చెడిపోయిన సైలెన్సరే.

రెండుంబావు.
వచ్చింది.
మొన జరుపుకుంటూ పోయాను, అంగుళం అంగుళం,
సున్నం మోచేతి మీద రాలుతుంటే,
లోపల అది ఏ దారిన పోతే ఆ దారినే
కిటికీ కిందుగా, గూట్లో దేవుళ్ల వెనగ్గా,
పెరటి గుమ్మం దాకా.

పైపు.
ఏప్రిల్లో ఎండిపోయిన మునిసిపాలిటీ పైపు.
ఎక్కడో ట్యాంకు దగ్గర ఎవరో వాల్వు తిప్పుతున్నారు.
నీళ్లు ఇంతదాకా రావు.
వాటి ముందు పరిగెత్తే గాలి మాత్రం
ఊరంతా తిరిగొచ్చి
మా పెరట్లో, ఎవరో కట్టెయ్యడం మరిచిన కుళాయిలోంచి
బయటపడుతోంది.

నవ్వొచ్చింది. కామాక్షిని లేపబోయాను.
అప్పుడు, టిక్కు.

పైపుకి టిక్కు ఉండదు.
స్క్రూడ్రైవరు దించాను. ఉత్త చెవితోనే విన్నాను.
వంటింటి చీకట్లోంచి
గోడ పట్టుకుని, నడుం సగానికి వంగి
మా అత్త మస్తానమ్మ.
టిక్కుటిక్కుమనేది ఆమె మోకాళ్లు.
పుట్టిన ఊళ్లో ఆ బోరునీళ్లే తాగి తాగి
బిగుసుకుపోయిన కీళ్లు,
మడిచినప్పుడొకటి, చాపినప్పుడొకటి.

నన్ను చూళ్లేదు.
కుళాయి కింద చెంబు పెట్టింది.
నిలబడే ఉంది, కూచుంటే లేవలేదు గనక.
కుళాయి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది
నిద్రపోయే పసిబిడ్డ ముక్కు దగ్గర పెట్టినట్టు.
కుళాయి కట్టెయ్యడం ఎవరూ మరిచిపోలేదు.

ఆ గాలి ఆగేదాకా ఉంది.
తర్వాత చెంబు ఒంచి చూసుకుని,
ఏమీ లేకపోయినా తొణక్కుండా రెండు చేతుల్తో పట్టుకుని
లోపలికి పోయింది.

తెల్లారి అడిగింది కామాక్షి, దొరికిందా అని.
"పైపులో గాలి."
"మరి ఆ టిక్కుటిక్కు?"
అత్త టీ గ్లాసులో బన్ను ముంచుతోంది. తలెత్తలేదు.
"అదీ గాలే," అన్నాను,
డ్రైవర్లకి మల్లే.

శనివారం మాలకొండకి పోలేదు.
ఆ రాత్రి రెండింటికే లేచి
పెరటి తలుపు గడియ తీసి,
కుళాయి కింద బిందె పెట్టొచ్చి పడుకున్నా.

ఊపిరి వచ్చింది.
టిక్కు. టిక్కు. టిక్కు.
బిందె దగ్గర ఆగింది.
చాలాసేపు ఆగింది.