సింగిల్ కాలమ్

జిలీబ్‌ల రాత్రి ఎనిమిది.
అక్కడ పదిన్నర, ఎడిషన్ పోతది.
కింది బంకు మీద బోర్లా పండి
ఫోన్ల వార్త కొడుతున్న.

డెస్కు ఆయన అంటడు:
"లీడ్‌లో పేరెందుకు, గల్ఫ్ కార్మికుడు చాలు.
'ఎండదెబ్బకు' తీసెయ్, ఆధారం లేదు.
గుండెపోటు అని పెట్టు,
'కంపెనీ తెలిపింది' మర్చిపోకు."

తీసేసిన.
సగం తాగిన లబన్ డబ్బా తీసేసిన.
పైపు పట్టుకుంటే అరచేతి తోలు
దానికే అంటుకున్న సంగతి తీసేసిన.
ముప్పై పదాలు మిగిలినయి.

"డేట్‌లైన్?"
కువైట్ అన్న.
"జిల్లా పేజీ కదయ్యా, కోరుట్ల పెట్టు."

పై బంకు ఖాళీ.
గోడకు బొగ్గు గీతలు,
జీతం రాని నెలకొకటి.
ఏడు.
ఎవ్వరు దిద్దని కాపీ.

కింద, పెన్సిల్‌తోని,
బైలైన్ రాసిన:
లింబయ్య.