కిలుము

చేరేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు.
పేరు, చిరునామా, చందా ఇరవై డాలర్లు.
కింద ఒక ప్రశ్న: మీరు ఏం పోగుచేస్తారు?
రాత్రి డ్యూటీ నర్సుని,
బాకీపడ్డ నిద్ర, అని రాయబోయి
ఇత్తడి, అని రాశాను.
ఇంట్లో ఉన్నది ఒక్క మరచెంబు.

బర్రా అంటే రాగి తవ్వుకుని వదిలేసిన ఊరు.
వాన పడితే గని గోడల మీద
రాయి పచ్చగా, నీలంగా తేలుతుంది,
ఎవరూ తోమని గంగాళంలా.
ఆదివారం ఇక్కడ తెరిచి ఉండేవి రెండే,
పెట్రోలు బంకు, పాత వస్తువుల సంఘం.
నా కారులో పెట్రోలు నిండుగానే ఉంది.

వెనకటి కోర్టు గదిలో కూర్చుంటారు వాళ్ళు,
పదకొండు మంది, పన్నెండు కుర్చీలు.
డెన్జిల్ పాస్కో నూలు తొడుగులు వేసుకుని
తలుపు గడియను పట్టుకుంటాడు,
నేను నెల తక్కువ బిడ్డను పట్టుకున్నట్టు.
మెర్ల్ ట్రెగెంజా కిటికీ చట్టాన్ని కత్తిమొనతో గీకి
రంగుల పొరలు లెక్కపెడుతుంది:
క్రీము, ఆకుపచ్చ, మళ్ళీ క్రీము, గోధుమ,
దానికింద ఎవరికీ పేరు తెలియని ఎరుపు.
ఆ ఎరుపు దగ్గర అందరూ కాసేపు మాట్లాడరు.

మొదటి నెల నాకో పని అప్పగించారు:
మూతపడిన బడి చేతిగంట,
ఇంటికి తీసుకెళ్ళి కొలతలు రాసుకురమ్మని.
నల్లగా ఉంది పాపం. అంచు చుట్టూ కిలుము.
చూస్తూ ఊరుకునే చెయ్యి కాదు నాది.
అడిలైడ్ నుంచి తెచ్చుకున్న చింతపండు
నిమ్మకాయంత నానేసి, రాళ్ళుప్పు కలిపి
తెల్లవారుజామున డ్యూటీ దిగొచ్చి
యూనిఫాం విప్పకుండానే రుద్దాను.
నల్లనీళ్ళు, ఆపైన పచ్చనీళ్ళు,
ఆఖరికి నా మొహం,
వంకరగా, పసుపు రాసుకున్నట్టు.
ఎత్తి ఒక్కసారి మోగించాను.
పక్కింటి కుక్క లేచి కూర్చుంది.

సంచిలోంచి తీసి బల్లమీద పెట్టాను.
మెర్ల్ చేతిలో టీ కప్పు దారిలోనే ఆగింది.
పాస్కో కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.
"ఏం వాడారు?"
"చింతపండు."
"అది అలా అవడానికి నూటముప్పై ఏళ్ళు పట్టిందమ్మా."
కోపం లేదు.
రోగి పోయాక బంధువులు అడిగే గొంతు అది,
ఎన్ని గంటలకు, అని.
దానికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలుసు.
ఏమీ చెప్పకూడదు. పక్కన కూర్చోవాలి.
కూర్చున్నాను.
మా అత్తగారు చెంబు అడుగు వేలితో తడిమి చూసేది.
ఆవిడకి కిలుమంటే కోడలి బద్ధకం.
ఇక్కడ కిలుమంటే సాక్ష్యం.

అప్పుడంది మెర్ల్, ఎనభై నాలుగేళ్ళ మెర్ల్,
కప్పులోకి చూస్తూ:
"మేం చదివేటప్పుడు ఇది ఇలాగే మెరిసేది.
శుక్రవారం శుక్రవారం తోమించేవాళ్ళు. నాతోనే."
"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"
"నువ్వు అడిగావా, డెన్జిల్?"

పాస్కో చాలాసేపు వేళ్ళమీద ఏదో లెక్కవేసుకుని
రిజిస్టరు తెరిచాడు.
గంట పేజీలో మూడే వాక్యాలు:
ఎవరు కొన్నారు, ఏ పిల్లాడు సొట్ట చేశాడు,
బడి ఎప్పుడు మూశారు.
మెర్ల్ శుక్రవారాలు ఇరికించి రాసి
నన్ను స్పెల్లింగు అడిగాడు,
చింతపండుకి ముందు, తర్వాత నా పేరుకి.
"శుభ్రం చేయబడినది. చింతపండుతో. తాయారు. మార్చి."
క్షమించాననైతే ఎక్కడా రాయలేదు.

పన్నెండో కుర్చీ ఇప్పుడు నాది, ఒక కాలు పొట్టి.
దుమ్ము కూడా అడిగే దులుపుతాను.
ఎరుపు దగ్గర నేనూ మాట్లాడను.
మొన్న వాన వెలిశాక
బీరువా తెరిచి గంటను తిప్పి చూస్తే
సొట్ట పక్కన, ఆవగింజంత, పచ్చ.
ఎవరికీ చెప్పలేదింకా.
చేతులు వెనక్కి కట్టుకుని
చాలాసేపు నిలబడ్డాను.