ఇల్ లు

బెండిగోలో రాత్రి పది కావస్తోంది.
బయట ఇంకా ముప్పై ఆరు డిగ్రీలు.
లోపల ఏసీ రొద, ప్లేట్ల గది, నేను,
కౌన్సిల్ వాళ్ళ పదహారు పేజీల పుస్తకం:
కార్చిచ్చు వస్తే ఏం చెయ్యాలో, తొమ్మిది భాషల్లో.

నా పని చదవడం కాదు.
ఎవరడిగినా అదే చెబుతాను.
చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్ ఉందా,
పిట్టల పాలు కొంత అని విత్తనాలు ఎక్కువ చల్లినట్టు
కత్తి పాలు కొంత.
మంట బొమ్మ ఇంకా ఆర్‌జీబీలోనే ఉందా.
సన్నక్షరాల నలుపు ఒక్క నలుపేనా,
నాలుగు సిరాలూ కలిసిన బురదా?
ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగితే
అక్షరాలకి నీడలు మొలుస్తాయి మరి.
ఫాంట్లన్నీ ఫైల్లో ఎక్కాయా.
ఒకటో పేజీ పక్కన పదహారో పేజీని
తలలు తలలకి ఆనించి పడుకోబెడతాను.
మడత పెట్టాక గాని వరస తెలియని కాపురం.

ప్రూఫ్ మీద ఫిలిప్పా సంతకం ఉంది, కింద గీతతో సహా.
సంతకం పడ్డ ఫైలు ముట్టకూడదు.
డారిల్ మొదటి రోజే చెప్పాడు:
"తప్పు మనది కానంతవరకూ అది తప్పు కాదు."

పదకొండో పేజీలో మౌస్ ఆగింది.

మంటలొస్ తే ఇల్ లు వదలండి.
తిరిగి వెళ్ ళకండి.

ఒత్తుగా కింద ఒదగాల్సిన అక్షరం
పక్కకొచ్చి నిటారుగా నిలబడింది.
ముందున్న దాని నెత్తిన పొల్లు.
ఇల్ ఒకచోట, లు ఒకచోట.
నిప్పు ఇంకా రాకముందే
నడిమికి చీలిన ఇల్లు.

"అర్థమవుతుందా, లేదా?" అన్నాడు డారిల్.
అవుతుంది.
పగటిపూట, కుర్చీలో, కళ్ళజోడుతో అయితే అవుతుంది.
పొగలో, చంకలో పిల్లతో, కారు తాళాలు వెతుక్కుంటూ...
"సర్లే, ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఫిలిప్పా వెనక గిన్నెల చప్పుడు.
పాతదీ కొత్తదీ పంపాను.
"నాకు రెండూ ఒకేలా ఉన్నాయి" అంది. అబద్ధం కాదు.
"నీకు తెలుసు కదా, మార్చెయ్" అంది.
పేరా సెట్టింగులో ఒక్క గడి నొక్కాను.
అక్షరాలు ఒకదాని కిందికి ఒకటి దూరి
పేజీ రెండు లైన్లు కుంచించుకుంది.

అచ్చులకి ప్రాణాలని పేరు, బడిలో చెప్పారు.
పద్నాలుగేళ్ళు అచ్చుపనిలో ఉండి
ఇవాళ గుర్తొచ్చింది.

పన్నెండో పేజీ కరెన్ భాష.
మా అక్షరాలకి పినతల్లి పిల్లల్లా గుండ్రంగా ఉంటాయి.
ఒక్కటీ రాదు నాకు. అందంగా ఉంది పేజీ. అదే భయం.
నా పేజీ కూడా అందంగానే ఉండి ఉంటుంది ఫిలిప్పాకి.

బైండింగు నుంచి నావ్ లాసేని పిలిచాను.
వేళ్ళ జిగురు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చింది.
పెనం వేడెక్కిందా అని చూసినట్టు
తెరకి కాస్త ఎడంగా చెయ్యి పట్టి
వరస వెంట జరిపింది. మూడో లైన్లో ఆగింది.
"ఇక్కడ చుక్క పోయింది. ఇప్పుడిది నది కాదు."
ఏమయింది మరి, అన్నాను.
నవ్వింది, చెప్పలేదు.
చుక్క ఎక్కడికీ పోలేదు,
నీలం బొమ్మ అంచు కింద నక్కి ఉంది.
పైకి తీసుకొచ్చాను.

పద్నాలుగో పేజీ దారీ. కుడినుంచి నడుస్తుంది.
పదిహేను డింకా.
రాత్రి షిఫ్టులో ఉన్నది ఆరుగురం.
ఒక్కొక్కరినీ అడిగాను, ఫోర్క్‌లిఫ్ట్ కుర్రాణ్ణి కూడా.
లారీ అయిదున్నరకి.

పదకొండు ముప్పావుకి నల్ల ప్లేటు బయటికొచ్చింది,
ఇంకా వెచ్చగా.
దీపం కింద లూప్ పెట్టి చూశాను.
ఇల్లు.
కింద ల వత్తు, చెక్కు చెదరకుండా.

అదే ప్లేటు మీద కాస్త అవతల పద్నాలుగో పేజీ.
అదీ చూశాను.
బ్లీడ్ సరిగ్గా ఉంది.
నలుపు ఒక్క నలుపే.