రెండు వోల్టులు

పేరేమో ఉరుకుందు.
వాడి కారు మాత్రం ఉరకదు.

ఆదోని మార్కెట్ యార్డు గేటుకెదురుగా
నా సెల్లు రిపేరు బంకు.
బల్ల మీద దాన్ని వెల్లకిలా పండబెట్టి
"గడప ఎక్కమంటే మూలుగుతాదన్నా" అన్నాడు.

నాలుగు స్క్రూలు. ఒకదాని తల అరిగిపోయింది,
సోల్డరింగు ఐరన్ ఆనించి
ప్లాస్టిక్కు మెత్తబడ్డాక లాగాను.
లోపల పాత బోర్డు,
లావుపాటి చిప్పు, వీపున అల్యూమినియం రెక్కలు.
వేలు పెడితే చురుక్కుమంది.

బ్యాటరీ దగ్గర మీటరు ఏడున్నర.
మోటారు దగ్గరికొచ్చేసరికి ఐదున్నర.
"నడమ రెండు ఏమైనాయన్నా?"
"ఈ పెద్దమనిషి తిన్నాడు."
"తిని?"
"ఏముంది, వేడి అయితాది."

వాణ్ణి పిలవడానికొచ్చిన నాయన మారెప్ప,
జుట్టులో దూది, భుజాన గోనెపట్టా,
చెవి మీది బీడీ తీస్తూ అన్నాడు:
"మా యార్డులో అయితే మేడ అయితాది."
నేను నవ్వాను.
ఆయన నవ్వలేదు.

కొత్త చిప్పు చింతగింజంత కూడా లేదు.
కర్నూలు బస్సు కండక్టరు చేత తెప్పించా, నూట ఎనభై.
రోజిన్ పొగకు ఒక కన్ను మూసుకుని
టంకం పెట్టాను ఒక్కో వైరుకు.
మోటారు వైర్లు రెండూ పసుపే,
ముందుకు నొక్కితే వెనక్కి పోయింది.
ఊడదీసి, మళ్లీ.

ఈసారి మీటరు ఏడు దాటింది.
చిప్పు మీద వాడి వేలే పెట్టించా.
"సల్లగుందే!
ఇది పని సేస్తాందా అసలు?"

వేలంపాట అయిపోయిన యార్డు, సిమెంటు నేల.
వదిలాడు.
పోయింది
దూది పింజలు లేపుకుంటూ
కుక్క నిద్ర చెడగొట్టి
హమాలీల కాళ్ల సందుల్లోంచి
కాటా ఇనుప అంచు దాకా.
టక్.
టకటకటక.
మోటారు తిరుగుతోంది, చక్రం తిరగదు.

విప్పితే, తెల్లగేరుకు మూడు పళ్లు లేవు.
ఇన్నేండ్లూ అరకొర బలానికి అలవాటైన పళ్లు,
నిండుగా అందిన రోజే విరిగాయి.

ఏడుస్తాడనుకున్నా.
వాడు డబ్బా దులిపి
మూడు ముక్కలూ అరచేతిలో పోసుకుని
"ఇనుపవి దొరకవా అన్నా?" అన్నాడు.

మారెప్ప మాత్రం
బల్ల మీది పాత బోర్డు చేతిలోకి తీసుకుని
తిప్పి తిప్పి చూస్తున్నాడు,
ఆ రెండూ
ఏ మూలనైనా మిగిలినాయేమోనని.